ప్రాస పట్టుకుని ఇంగ్లీషు భావాల మాటలు నేర్చుకోవడం ఎలా?

మా ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లాడిని, ఈ రోజు మీ తమ్ముడు ఎందుకు రాలేదని అడిగాను. "నిన్న మీరు కేకలేశారు కదండీ, ఫీలయ్యాడండి మేడమ్" అన్నాడు. ఆ మాటే ఇంగ్లీషులో రాయమన్నాను. "హి ఫెల్ట్" అని రాసి చుక్క పెట్టేశాడు.

తెలుగులో ఫీలవ్వడం అంటే మనసు కష్టపెట్టుకోవడమే. ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో మాత్రం ఫీల్ అన్న మాట ఖాళీ గిన్నె లాంటిది. అందులో ఏదో ఒక విశేషణం పోయాలి. హర్ట్ అంటే నొచ్చుకున్నాడని, గ్లాడ్ అంటే సంతోషించాడని, స్కేర్డ్ అంటే జడిశాడని. ఆ విశేషణాలు మన పిల్లల దగ్గర మూడో నాలుగో ఉంటాయి: హ్యాపీ, శాడ్, యాంగ్రీ, టెన్షన్. నాలుగోది అసలు విశేషణమే కాదు. టెన్షన్ నామవాచకం, విశేషణం కావాలంటే టెన్స్ అనాలి.

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఊరు. సాయంత్రాలు ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. భావాల మాటలు జాబితా రాసిచ్చి బట్టీ పట్టిస్తే వారంలో మరిచిపోతున్నారు. ప్రాస కలిసే జంటలుగా ఇస్తే నిలుస్తున్నాయి. ఒకే ధ్వని, ఎదురెదురు అర్థాలు ఉన్న జంటలైతే ఇంకా బాగా నిలుస్తున్నాయి. ఆ పద్ధతిని మొదటి నుంచి ఇక్కడ రాస్తున్నాను. ఒక నోటుపుస్తకం, మాట పలికి వినిపించే డిక్షనరీ ఉన్న ఫోను, గట్టిగా చదువుకోవడానికి కాస్త చోటు ఉంటే చాలు.

మొదటి మెట్టు: చెవికి ప్రాస తెలియాలి

మన పద్యంలో ప్రాస రెండో అక్షరం. సుమతీ శతకంలో కోపం, శాంతం, సంతోషం, దుఃఖం నాలుగింటినీ చెప్పే కంద పద్యం అందరికీ వచ్చు. దాని నాలుగు పాదాలూ "తన" అనే మొదలవుతాయి, రెండో అక్షరం న అన్నింటిలోనూ ఉంటుంది. అది మన లెక్క. ఇంగ్లీషు లెక్క మాట చివర ఉంటుంది. "ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది" అన్న సామెతలో తోకలు కలుస్తాయి చూడండి, అలాంటిది.

అయితే తోక ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. ఇంగ్లీషు మాటలో ఒక చోట ఒత్తి పలుకుతారు. దాన్ని ఊనిక అంటాం. ఊనిక పడిన అచ్చు నుంచి చివరి దాకా ధ్వని ఒకటే ఉండి, ఆ అచ్చుకి ముందున్న హల్లు వేరుగా ఉంటే అది నిండు ప్రాస. టియర్‌ఫుల్, ఫియర్‌ఫుల్, చియర్‌ఫుల్ మూడింటికీ ఊనిక మొదట్లోనే ఉంది, అక్కడి నుంచి "ఇయర్‌ఫుల్" అని ఒకేలా సాగుతాయి. కన్నీళ్లతో ఉన్న, భయంతో ఉన్న, ఉల్లాసంగా ఉన్న అని అర్థాలు. మరి హోప్‌ఫుల్? చివర ఫుల్ ఉన్నా ఊనిక "హో" మీద ఉంది. ఓ వేరు, ఇయ వేరు. కాబట్టి టియర్‌ఫుల్‌కీ హోప్‌ఫుల్‌కీ ప్రాస లేదు. తెలుగులో వచ్చాడు, చూశాడు, వెళ్లాడు అని క్రియల చివర్లు వాటంతట అవే కలుస్తాయి కనుక, ప్రత్యయం కలిస్తే చాలు ప్రాసే అనుకోవడం మనకి అలవాటు. ఇంగ్లీషులో అది చాలదు. హ్యాపీకీ యాంగ్రీకీ కూడా అందుకే ప్రాస లేదు. హ్యాపీకి కలిసేది స్నాపీ: ఏమడిగినా కసురుకునే స్థితి.

రెండో చిక్కు మన లిపిది. గ్లాడ్, శాడ్ అని ఆ-కారంతో రాస్తాం, బ్యాడ్, మ్యాడ్ అని య-వత్తుతో రాస్తాం. కాగితం మీద చూస్తే రెండు రకాలుగా కనిపిస్తాయి కానీ ఇంగ్లీషులో ఆ నాలుగింటి అచ్చూ ఒకటే. ఆ అచ్చు మన లిపిలో లేదు, మన నోట్లో ఉంది. మన వైపు "వచ్చాడు" అనేటప్పుడు "చ్చా" ఎలా పలుకుతామో ఒకసారి వినండి. అది నిండు ఆ కాదు, ఏ కూడా కాదు, రెండింటి నడుమది. అందుకే కొందరు వచ్చేడు అని రాస్తారు. ఆ అచ్చునే కాస్త పొట్టిగా పలికితే గ్లాడ్, శాడ్, మ్యాడ్ సరిగ్గా వస్తాయి. ఈ ఒక్క సంగతి చెప్పాక మా పిల్లల ఉచ్చారణలో వచ్చిన తేడా నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

స్పెల్లింగుని నమ్మకండి. దిగాలుగా ఉన్న అని చెప్పే గ్లమ్ చివర ఎమ్ ఉంటుంది, మొద్దుబారిన అని చెప్పే నమ్ చివర ఎమ్ తరవాత పలకని బి ఉంటుంది. రాత వేరైనా ప్రాస ఒకటే. నీరసంగా తగ్గిన స్వరం లాంటి మనసుని చెప్పే లో అన్న మాటకీ, ఎలా అని అడిగే హౌ అన్న మాటకీ చివర అవే రెండు అక్షరాలున్నా ప్రాస లేదు. ప్రతి జంటనీ ఫోనులో విని, మీరు గట్టిగా అని, అప్పుడే పుస్తకంలో రాసుకోండి.

రెండో మెట్టు: ఎదురెదురు జంటలు ఏరుకోవడం

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్క మనసుకి హాయిచ్చే మాట, కుడి పక్క దానికి ప్రాస కలిసే కష్టం మాట. గ్లాడ్, శాడ్ అందరికీ తెలిసినవే కాబట్టి వాటితో మొదలుపెట్టి ముందుకు వెళ్దాం.

ఓవర్‌జాయ్డ్, అనాయ్డ్. మొదటిది పట్టరాని సంతోషం, రెండోది చిరాకు. మా పిల్లలు కట్టిన మాట: "బస్సు తప్పితే అనాయ్డ్, బావ వస్తే ఓవర్‌జాయ్డ్."

ఎలేటెడ్, డిఫ్లేటెడ్. సైకిలు ట్యూబు గుర్తుంచుకోండి. డిఫ్లేటెడ్ అంటే అక్షరాలా గాలి తీసేసిన అని. పదో తరగతి ఫలితాల్లో మంచి మార్కులొస్తాయని ఊరంతా చెప్పుకుని, తీరా అత్తెసరు మార్కులొస్తే లోపల జరిగేది అదే. ఎలేటెడ్ పుట్టిన లాటిన్ మాటకి పైకెత్తిన అని అర్థం. నేల మీద కాలు నిలవనంత ఆనందం.

గ్రేట్‌ఫుల్, హేట్‌ఫుల్. కృతజ్ఞతతో నిండిన, ద్వేషంతో నిండిన. గ్రేట్‌ఫుల్ స్పెల్లింగులో గొప్ప అనే అర్థమున్న గ్రేట్ లేదు. జి, ఆర్, ఏ, టి, ఇ అని రాయాలి. హేట్ ఎలా రాస్తామో అలాగే. పక్కపక్కన రాసుకుంటే ఈ తప్పు మళ్లీ రాదు.

రిలీవ్డ్, బిరీవ్డ్. ఈ జంట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. బదిలీ అయిన ఉద్యోగులు "నిన్న రిలీవయ్యాను" అంటారు కదా, ఆ మాటే ఇది. బాధ్యత భుజం మీంచి దిగిపోవడం. మనసుకి వాడితే, గుండెల మీంచి బరువు దిగిందని. వరద రోజుల్లో నది నడుమ లంకలోంచి రావాల్సిన మనిషి చీకటి పడ్డాక పడవ దిగి గట్టెక్కితే, రేవులో ఎదురుచూస్తున్న ఇంటిల్లిపాదీ పడేది రిలీఫ్, వాళ్లు రిలీవ్డ్. బిరీవ్డ్ అంటే అయినవాళ్లని చావు తీసుకుపోయిన మనిషి. అంతకు తక్కువ దేనికీ ఈ మాట వాడకూడదు. ఫోను పోయినవాళ్లు బిరీవ్డ్ కారు. రెండింటికీ ధ్వని ఒకటే, రాతలో మాత్రం ఒకదానికి ఐ, ఇ, ఇంకోదానికి ఇ, ఏ.

క్యూరియస్, ఫ్యూరియస్. తెలుసుకోవాలన్న కుతూహలం, ఆపలేని కోపం. "మూట చూస్తే క్యూరియస్, మూట పోతే ఫ్యూరియస్."

ఎక్సైటెడ్, డిలైటెడ్ ఎదురు మాటలు కావు, రెండూ సంతోషాలే. కానీ వేళలు వేరు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్తామంటే ముందు రోజు రాత్రి పిల్లలకి నిద్ర పట్టదు, అది ఎక్సైటెడ్. జరగబోయేదాని మీద ఉరకలు. మర్నాడు అక్కడ దేవుళ్లని నిలిపిన ఎత్తైన ప్రభలని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ దాటిస్తుంటే చూసి పులకించిపోతారు, అది డిలైటెడ్. కళ్లెదుట జరిగినదాని మీద ఆనందం.

ఇక అటు మొగ్గే జంటలు, అంటే రెండూ కష్టం మాటలే. గ్రంపీ అంటే ముటముటలాడే, జంపీ అంటే చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే. అఫ్రెయిడ్ భయం, డిస్మెయ్డ్ కలవరంతో కూడిన నిరాశ, బిట్రెయ్డ్ నమ్మినవాళ్లు మోసం చేస్తే కలిగేది. మూడింటికీ ప్రాస ఒకటే. మూడీ, బ్రూడీ జంటలో బ్రూడీ మన పిల్లలకి చిటికెలో అర్థమవుతుంది. గుడ్లు పొదగడానికి కూర్చున్న పెట్టకి ఇంగ్లీషులో ఆ మాటే వాడతారు. గంపలోంచి లేవదు, దగ్గరికెళ్తే గుర్రుమంటుంది, మేత కూడా పట్టదు. మనిషి ఒకే దిగులుని అలా పొదుగుతూ కూర్చుంటే అతను బ్రూడీ. మూడీ అంటే మనం ముభావంగా ఉండే మనిషి అనుకుంటాం. ఇంగ్లీషులో అది ఘడియకో రకంగా మారే మనిషికి కూడా చెల్లుతుంది.

మూడో మెట్టు: ఎంత తీవ్రతో గుర్తు పెట్టుకోవడం

జంటలు కుదిరాక పిల్లలు చేసే పెద్ద పొరపాటు, చిన్నదానికి పెద్ద మాట వాడడం. దోమ కుడితే ఫ్యూరియస్ అని రాస్తారు. దీనికి మన డెల్టాలోనే మంచి కొలత ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకి రెండోది, 17.75 అడుగులకి మూడోది. లంకల్లో పుట్టిన పిల్లలకి ఈ మూడింటి తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిదానికి పశువులని గట్టు మీదికి తోలే ఆలోచన మొదలవుతుంది, మూడోదానికి ఊరే ఖాళీ చేయాలి.

ప్రతి మాట పక్కనా ఒకటి, రెండు, మూడు అని హెచ్చరిక అంకె వేయండి. కోపంలో అనాయ్డ్ ఒకటి, యాంగ్రీ రెండు, ఫ్యూరియస్ మూడు. సంతోషంలో గ్లాడ్ ఒకటి, డిలైటెడ్ రెండు, ఓవర్‌జాయ్డ్, ఎలేటెడ్ మూడు. దుఃఖంలో గ్లమ్ ఒకటి, శాడ్ రెండు, డెవస్టేటెడ్ మూడు.

డెవస్టేటెడ్ (సర్వనాశనమైన) అన్న మాటని నేను తేలిగ్గా వాడనివ్వను. 1996 నవంబరు 6 తుపాను గురించి మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయి. ఇంగ్లీషులో ఆ తోటలూ డెవస్టేటెడ్ అనే అంటారు, ఆ తోటల్లో నిలబడిపోయిన మనుషులూ డెవస్టేటెడ్ అనే అంటారు. నేలకీ మనసుకీ ఒకే మాట. ఇది తెలిసిన పిల్లలు క్రికెట్ మ్యాచ్ ఓడిపోతే డెవస్టేటెడ్ అని రాయరు.

ఫ్రస్ట్రేటెడ్‌కి కూడా మన దగ్గర నుంచే ఉదాహరణ ఇస్తాను. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించి వరి వేయడం మానేశారు. పని చేతనై, చేయాలని ఉండి, దారి మూసుకుపోతే కలిగేది ఫ్రస్ట్రేషన్. ఇరిటేటెడ్ అలా కాదు, అది ఒంటి మీద దురద లాంటి చిరాకు. బ్రిటిష్ పలుకుబడిలో ఫ్రస్ట్రేటెడ్‌కి ఊనిక "స్ట్రే" మీద పడుతుంది కాబట్టి ఎలేటెడ్‌తో నిండుగా కలుస్తుంది. ఇరిటేటెడ్, డెవస్టేటెడ్‌లకి ఊనిక మొదట్లోనే ఉంది. అవి సగం ప్రాసలు. పాటల్లో చెల్లుతాయి, పరీక్ష పెట్టి చూస్తే చెల్లవు.

నాలుగో మెట్టు: వాక్యంలో పెట్టడం

"ఐ యామ్ బోరింగ్" అని రాసిన పిల్లని నేను బోర్డు దగ్గరికి పిలిచాను. ఊళ్లో బోరింగు అంటే చేతిపంపు కాబట్టి క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు వల్లే తేడా గుర్తుండిపోయింది. లోపల భావం ఎవరికి కలిగిందో వాళ్లకి చివర ఇ, డి అక్షరాలు: బోర్డ్, అనాయ్డ్, ఎక్సైటెడ్. ఆ భావాన్ని ఎవరు లేదా ఏది కలిగించిందో దానికి ఇంగ్: బోరింగ్, అనాయింగ్, ఎక్సైటింగ్. పాఠం బోరింగ్, పిల్ల బోర్డ్. మన జంటల్లో చాలా మాటలు ఆ ఇ, డి తోనే ముగుస్తున్నాయని గమనించారా? అవన్నీ మనిషికి జరిగినవాటి మాటలు కాబట్టే.

ఇంకో సంగతి. అఫ్రెయిడ్‌ని మనిషి పేరు ముందు పెట్టకూడదు. "ది బాయ్ ఈజ్ అఫ్రెయిడ్" అనొచ్చు, "అఫ్రెయిడ్ బాయ్" అనకూడదు. అక్కడ ఫ్రైటెన్డ్ వాడాలి. మనిషికి వాడేటప్పుడు గ్లాడ్ కూడా ఎక్కువగా క్రియ తరవాతే వస్తుంది.

ఐదో మెట్టు: మోసం చేసే మాటలని విడదీయడం

వియరీ, వేరీ. ఈ రెండూ కలిపేసేవాళ్లు పెద్దల్లో కూడా ఉన్నారు. వియరీ అంటే అలసి సొలసిన. టియరీ, డ్రియరీ, చియరీలతో కలుస్తుంది. వేరీ అంటే జాగ్రత్తగా, అనుమానంగా ఉండే. స్కేరీతో కలుస్తుంది. స్పెల్లింగులో ఒక్క ఇ తేడా. వరి కోతల తరవాత కూలీ వియరీ, గట్టు మీద పాము కనిపించిన చోట నడిచే మనిషి వేరీ.

జెలస్ మాటలు రెండు. జె అక్షరంతో మొదలయ్యేది అసూయ, జడ్‌తో మొదలయ్యేది పట్టుదలతో కూడిన ఉత్సాహం. రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చాయి. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ మనకి రెండు జ-లూ నోట్లో ఉన్నాయి. "వాడి మీద జాలేసింది" అనేటప్పుడు జాలిలోని జ పళ్ల దగ్గర పలుకుతుంది. జడ్ ధ్వని దానికి దగ్గర. "జాలీగా తిరుగుతున్నాడు" అనేటప్పుడు జ అంగిలి దగ్గర పలుకుతుంది. జె ధ్వని అది. జాలి తెలుగు, జాలీ ఇంగ్లీషు. ఆ రెండూ అయిదేసి సార్లు మార్చి మార్చి అని, తరవాత ఈ జంట అనండి. అన్నట్టు జాలీకి మెలన్‌కలీతో తోక కలుస్తుంది, అదీ సగం ప్రాసే. మెలన్‌కలీ అంటే కారణం చెప్పలేని దిగులు. గ్రీకులో నల్ల పిత్తం అన్న మాట నుంచి పుట్టింది. మన వాత పిత్త కఫాల లాంటి లెక్కే వాళ్లదీను.

మ్యాడ్ అంటే మనకి పిచ్చి. బ్రిటన్‌లోనూ మొదట తోచే అర్థం అదే. అమెరికాలో "షి ఈజ్ మ్యాడ్ ఎట్ మీ" అంటే నా మీద కోపంగా ఉందని. అక్కడున్న మేనల్లుడి మెసేజీ చూసి కంగారు పడకండి.

కంటెంట్ అని మొదట ఒత్తితే వీడియోల్లో ఉండే సరుకు. "టెం" మీద ఒత్తితే తృప్తిగా ఉన్న. అక్షరాలు అవే, ఊనిక మారితే అర్థం మారింది.

లోన్లీ, అలోన్. ఒక్కరే ఉంటే అలోన్. గల్ఫ్‌లో ఒకే గదిలో పది మందితో ఉంటూ, రాత్రి ఇంటికి వీడియో కాల్ పెట్టేసరికి గొంతు పూడుకుపోయే మన వాళ్లు అలోన్ కాదు, లోన్లీ. లోన్లీకి ఓన్లీతో ప్రాస.

ఇంప్రెస్డ్, డిప్రెస్డ్ రెండూ స్ట్రెస్డ్‌తో చక్కగా కలుస్తాయి. ఇంప్రెస్డ్ అంటే మెచ్చుకోలు, స్ట్రెస్డ్ అంటే ఒత్తిడిలో ఉన్న, మన టెన్షన్‌కి దగ్గరిది. డిప్రెస్డ్ మాత్రం రోజువారీ మాటగానూ ఉంది, వైద్యుల మాటగానూ ఉంది. దిగులు రెండు వారాలకి పైగా వదలకుండా, ఏ పని మీదా ఇష్టం లేకుండా చేస్తే అది వైద్యులు చూడాల్సిన సంగతి. పిల్లలెవరైనా పుస్తకంలో ఆ మాట తమ గురించి రాస్తే స్పెల్లింగు దిద్ది వదిలేయకండి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. దానికి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆరో మెట్టు: నోటికి ఎక్కించడం

రోజుకి ఒకే జంట. అంతకు మించి వద్దు. ఉదయం ఫోనులో వినాలి, మూడుసార్లు గట్టిగా అనాలి. సాయంత్రం దాకా ఇంట్లోనో వీధిలోనో ఆ భావం ఎవరి ముఖంలో కనిపిస్తుందో కనిపెట్టాలి. రాత్రి పడుకునే ముందు రెండు వాక్యాలు రాయాలి. ఒకటి తెలుగూ ఇంగ్లీషూ కలిపిన జంట పాదం, ఇంకోటి పూర్తి ఇంగ్లీషు వాక్యం. జంట పాదం ఎవరిది వాళ్లే కట్టుకోవాలి, నావి బట్టీ పడితే నా బస్సూ నా బావా గుర్తుంటారు తప్ప మాట గుర్తుండదు.

ఆరు రోజులకి ఆరు జంటలు. ఏడో రోజు కుడి పక్క గడిని చేత్తో మూసి ఎడమ పక్క చదువుతూ జంట చెప్పాలి, తరవాత అటు నుంచి ఇటు. తప్పిపోయిన జంట మరుసటి వారం మళ్లీ మొదట్లో వస్తుంది. ఇలా రెండు నెలలు చేస్తే యాభై దాకా జంటలు చేతికొస్తాయి.

కొన్ని మాటలకి ప్రాస దొరకదు. ఆదుర్దాని చెప్పే యాంక్షస్ అలాంటిదే. మన టెన్షన్‌కి చాలాసార్లు సరైన మాట అదే అయినా, కలిసే జంట చేతికి రాదు. దానికి బలవంతాన తోక అంటించకుండా పుస్తకం వెనక పేజీలో విడిగా రాసి, పక్కన ఒక సంఘటన రాసుకోండి.

"హి ఫెల్ట్" అని చుక్క పెట్టిన పిల్లాడు ఆ వారం చివర తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పుస్తకం నా ముందు పెట్టాడు. "మేడమ్ కేకేస్తే గ్లమ్, చెయ్యి కాదు, మనసు నమ్" అని ఉంది. కింద ఇంగ్లీషులో, "మై బ్రదర్ ఫెల్ట్ హర్ట్" అని నిండు వాక్యం. తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి సారీ చెప్పి, ముందు వరసలో కూర్చోబెట్టాను.